నిత్య సహాయ మాత పటం కట్టించాలా? సంతపేటలోని ఈ ఫ్రేముల షాపుకి వెళ్ళండి

నెల్లూరులో పటాలు కట్టే షాపులకు కొదవలేదు. నిత్య సహాయ మాత, అంటే బాలయేసును ఎత్తుకున్న మరియమ్మ పటం విషయంలో మాత్రం ఎవరడిగినా నేను సంతపేట చర్చి దగ్గర సందులో ఉన్న చిన్న షాపునే చెబుతాను. కావలిలో మా విచారణ (చర్చి పరిధిలోని సంఘం) పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మతపాఠాలు చెప్పే గదికి అక్కడే పటం కట్టించాను. మా ఇంట్లో ఉన్న పాత జోజప్పగారి (మరియమ్మ భర్త యోసేపు) స్వరూపానికి, అంటే విగ్రహానికి రంగులు కూడా వాళ్ళ చేతే వేయించాను. పటానికి పూర్తి మార్కులు. స్వరూపానికి కొంచెం తగ్గిస్తాను.

ఈ పటంలో కథంతా అంచుల్లోనే ఉంటుంది. పైన మనకు ఎడమవైపు మిఖాయేలు దూత ఈటెను, స్పంజి గుచ్చిన రెల్లును, పులిసిన ద్రాక్షారసం పాత్రను పట్టుకుని ఉంటాడు. కుడివైపు గబ్రియేలు దూత చేతిలో సిలువ, మేకులు ఉంటాయి. తల్లికి అటూ ఇటూ ఉన్న గ్రీకు పొడి అక్షరాలకు ‘దేవుని తల్లి’ అని అర్థం. బిడ్డ పక్కనున్నవి ‘యేసు క్రీస్తు’ అని. కింద బాలయేసు పాదం నుంచి ఒక చెప్పు ఊడి, పట్టీతో వేలాడుతూ ఉంటుంది. తన కోసం సిద్ధమైన సిలువను చూసి బిడ్డ ఉలిక్కిపడి తల్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడని, ఆ పరుగులో చెప్పు జారిందని మన పెద్దవాళ్ళు చెబుతారు. ఫ్రేము అర అంగుళం లోపలికి వచ్చినా వీటిలో ఏదో ఒకటి పోతుంది. దూతలు పోతే బిడ్డ దేన్ని చూసి బెదిరాడో తెలియదు. చెప్పు పోతే ఎంతగా బెదిరాడో తెలియదు.

అసలు పటం రోములో సెయింట్ ఆల్ఫోన్సస్ గుడిలో ఉంది. తొమ్మిదవ పయస్ పోపుగారు దాన్ని రెడెంప్టరిస్టు సభ అనే కతోలిక సన్యాస సభ గురువులకు అప్పగించి, ఈ తల్లిని లోకమంతటికీ తెలియజేయమన్నారు. 1866 నుంచి అది ఆ గుడిలోనే ఉంది. మన బుధవారం నొవేనా ప్రార్థనల్లో కనబడే పటం దాని నకలే. చెక్క మీద వేసిన ఆ బొమ్మ ఎత్తు దాదాపు 21 అంగుళాలు, వెడల్పు 17. బజార్లో రెడీమేడ్‌గా దొరికే ఫ్రేములేమో ఎక్కువగా 12 బై 18. అంటే అసలు పటం కంటే సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అందులో పట్టించాలంటే పక్కలు కొయ్యాలి, లేదంటే బొమ్మను నిలువునా సాగదీయాలి. మా వదిన వేరే చోట కొన్న పటంలో దూతలకు ఒక్కో రెక్కే మిగిలింది. మిఖాయేలు చేతిలో ఏముందో చెప్పడానికి అక్కడ చెయ్యే లేదు!

ఈ షాపు పెద్దాయన నేను నోరు తెరవకముందే, “12 బై 15 తీసుకోండమ్మా, మూలలు పోవు” అన్నారు. టేపు పెట్టి కొలిచి చూపించారు. మౌంటు (బొమ్మ చుట్టూ వేసే అట్ట) కూడా బొమ్మ మీదికి ఎక్కకుండా చుట్టూ ఖాళీ వదిలి కోశారు. పనివాడికి పటం తెలిసి ఉండటమంటే ఇదీ.

ఆయన దగ్గర కిరీటాలున్న ప్రింట్లూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. కిరీటాలు మొదటి బొమ్మలో లేవు, 1867లో పట్టాభిషేకం చేసినప్పుడు పెట్టారు. నేను లేనిదే తీసుకున్నాను, ఎందుకంటే తల్లి నుదుటి మీది నక్షత్రం అందులో బాగా కనబడుతుంది. రంగులు కూడా చూసుకోండి. అంగీ ఎరుపు, పైవస్త్రం ముదురు నీలం, దాని లోపలివైపు ఆకుపచ్చ. చవక ప్రింట్లలో ఆ ఆకుపచ్చ నల్లబడి నీలంలో కలిసిపోతుంది. వెనకున్న బంగారు రంగు పరలోకపు వెలుగుకు గుర్తు, అది పసుపు పూసినట్టు ఉండకూడదు. మామూలు అద్దం వేస్తే ట్యూబులైటు సరిగ్గా ఆ బంగారం మీదే పడి కళ్ళు చెదురుతాయి. పెద్దాయన రెండు రకాల అద్దాలూ లైటు కింద అటూ ఇటూ తిప్పి చూపించి, మెరుపు లేనిదే వేసుకోమన్నారు. మంచి సలహా.

పటం తగిలించిన ఆదివారమే ఐదో తరగతి పిల్లవాడొకడు “టీచర్, అమ్మ బిడ్డను చూడట్లేదేంటి?” అని అడిగాడు. ఎంత బాగా పట్టుకున్నాడో! బిడ్డ చూపు సిలువ వైపు ఉంది. ఆమె చూపు మన మీద ఉంది. బిడ్డ రెండు చేతులూ మాత్రం ఆమె కుడిచేతిలో ఉన్నాయి. ఆ రోజు పాఠం మొత్తం ఆ చేతుల గురించే చెప్పాను. పుస్తకం తీయలేదు.

ఇక జోజప్పగారి స్వరూపం. ప్లాస్టర్‌ది, చేతిలోని లిల్లీ పువ్వు విరిగిపోయింది. ఆ పువ్వు ఆయన నిర్మల జీవితానికి గుర్తు. మరియమ్మకు భర్తగా ఎంపికైనప్పుడు ఆయన చేతికర్ర పూసిందని పాతకాలం నుంచి చెప్పుకునే కథ కూడా ఉంది. అందుకే పువ్వు లేకుండా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. లోపల సన్నటి తీగ పెట్టి, ఎమ్‌సీల్‌తో ఒక్కో రేకూ విడిగా చేసి అతికించారు. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. వడ్రంగి మూలమట్టం మీది గీతలు కూడా సన్న కుంచెతో మళ్ళీ దిద్దారు. అయితే పైవస్త్రానికి వేసిన గోధుమరంగు ఎనామిల్ మరీ నిగనిగలాడుతోంది. పనిచేసి అలసిన మనిషి బట్ట అలా ఉండకూడదని నా అభిప్రాయం. మ్యాట్ రంగు కావాలని ముందే గట్టిగా చెప్పండి. చెప్పిన రోజుకు ఇవ్వకపోవడం ఇంకో లోటు. మార్చి 19 పండుగ దగ్గరపడుతుంటే బాగా టెన్షన్ పెట్టారు.

ఫ్రేముతో కలిపి పటానికి 850 రూపాయలు, స్వరూపానికి 1,400 తీసుకున్నారు. పటానికి వెనక ఒకే హుక్కు వేసి ఇస్తారు, అడిగితే రెండు వేస్తారు. రెండే వేయించుకోండి, పటం ఒరగదు. ఆదివారం పూజ అయ్యేదాకా షాపు తీయరు.