క్యారీ, జింజర్ స్నాప్స్: ఏది ముందు చూడాలి?

ఈ రెండు హారర్ సినిమాల కథలూ రాజుకునేది మొదటి నెలసరి దగ్గరే.

బ్రయాన్ డి పాల్మా ‘క్యారీ’ (1976)లో ఆ పిల్లకి తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలియదు. చెప్పాల్సిన తల్లి చెప్పలేదు సరికదా, అది పాపమంటూ ప్రార్థన చేయమని ఇరుకు గదిలోకి తోసి తాళం వేస్తుంది. చివర్లో స్కూలు వేడుకలో పంది రక్తం నెత్తిన కుమ్మరించినప్పుడు క్యారీగా నటించిన సిస్సీ స్పేసెక్ అరవదు. కళ్ళు పెద్దవి చేసి, బిగుసుకుపోయి నిలబడుతుంది. మనసుతోనే వస్తువుల్ని కదిలించే శక్తి ఆమెది, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ఆ చూపు చాలు, నిద్ర పట్టదు.

కెనడా సినిమా ‘జింజర్ స్నాప్స్’ (2000) దారి వేరు. స్క్రిప్ట్ రాసింది కారెన్ వాల్టన్ అనే రచయిత్రి, ఆ తేడా తెలుస్తుంది. నెలసరి మొదలైన రాత్రే జింజర్‌ని తోడేలు మనిషి కరుస్తాడు. రక్తం ఆగట్లేదు, ఎక్కడెక్కడో వెంట్రుకలు వస్తున్నాయి అంటే స్కూలు నర్సు నవ్వుతూ అదంతా మామూలే అంటుంది! పిల్ల మొత్తుకుంటుంటే పెద్దవాళ్ళు ఇలా కొట్టిపారేయడం మనకీ కొత్త కాదు. తోక మొలిస్తే చెల్లి బ్రిజిట్టే దాన్ని టేపుతో అంటించి దాచాలి.

క్యారీకి ఎవరూ లేరు, జింజర్‌కి చెల్లి ఉంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, క్లైమాక్స్‌లో మేకప్ కాస్త తేలిపోయినా సరే. ముందు మాత్రం ‘క్యారీ’ చూడండి. ఆ సమాధి సీన్ గురించి ఎవరైనా చెప్పేసేలోపే.