రికార్డు గదిలో విన్న ఇరవై నాలుగు పాఠాలు: సమాజశాస్త్ర స్థాపకులపై ఒక శ్రవణ పాఠ్యక్రమం

నేను ఆసుపత్రి రికార్డుల విభాగంలో పని చేస్తాను. డిశ్చార్జి అయిన రోగుల ఫైళ్లు మా బల్ల మీదికి వస్తాయి. కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, వరుసలో పెట్టి, జబ్బుకు కోడు వేసి, మనిషి చనిపోతే మరణ కారణానికి కోడు వేసి, అరలో సర్దాలి. పదిహేడేళ్లుగా ఇదే పని. రాత్రి డ్యూటీలో రద్దీ తగ్గాక చేతులు పని చేస్తున్నా చెవులు ఖాళీగా ఉంటాయి. ఆ వేళల్లో రెండు నెలల పాటు ఈ పాఠాలు విన్నాను. సమాజశాస్త్రానికి పునాదులు వేసిన ఆలోచనాపరుల మీద తెలుగులో ఇరవై నాలుగు ఉపన్యాసాలు, ఒక్కొక్కటి అరగంటకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. వాటితో పాటు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. నేను ఈ శాస్త్రం కాలేజీలో చదవలేదు. మార్క్స్ పేరు తప్ప మిగిలినవన్నీ నాకు కొత్తవే.

కొనాలా వద్దా అని అడిగితే, కొనమనే చెబుతాను. అయితే మొదటి పాఠం నుంచి వరుసగా వినవద్దు. ఏడోదానితో మొదలుపెట్టండి.

మొదటి ఆరు పాఠాలలో ఉపన్యాసకులు కాగితం చూసి చదువుతున్నట్టు తెలిసిపోతుంది. ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం, ఆ తరువాత ఆగస్ట్ కామ్ట్. 1798లో మాంపెలియేలో పుట్టాడు, పంతొమ్మిదేళ్ల వయసులో ఫ్రెంచి ఆలోచనాపరుడు సెయింట్ సైమన్ దగ్గర కార్యదర్శిగా చేరాడు, 1830 నుంచి 1842 దాకా ఆరు సంపుటాల గ్రంథం రాశాడు, దాని నాలుగో సంపుటంలో ఈ శాస్త్రానికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. అంతకు ముందు ఆయన వాడిన ‘సామాజిక భౌతికశాస్త్రం’ అన్న మాటను బెల్జియం గణాంకవేత్త కెటలే కూడా వాడటంతో కొత్త మాట వెతుక్కోవలసి వచ్చింది. ఇంతవరకు బాగానే ఉంది. మనిషి ఆలోచన దైవిక దశ, తాత్త్విక దశ, శాస్త్రీయ దశ అనే మూడు మెట్లు ఎక్కుతుందన్న సూత్రాన్ని మాత్రం రెండు పాఠాల్లో కలిపి అయిదుసార్లు చెప్పారు. కామ్ట్ ఏమి చూసి ఆ మాట అన్నాడో ఒక్కసారీ చెప్పలేదు. మెదడును శుభ్రంగా ఉంచుకోవాలని ఆయన ఒక వయసు వచ్చాక వార్తాపత్రికలూ ఇతర శాస్త్రవేత్తల పుస్తకాలూ చదవడం మానేశాడట. ఉపన్యాసకులు దాన్ని సరదా ముచ్చటగా చెప్పి దాటేశారు. నాకు అందులో సరదా కనిపించలేదు. సమాజాన్ని పరిశీలించి తెలుసుకోవాలని చెప్పిన మనిషి చుట్టూ ఉన్న సమాచారానికే తలుపు మూసుకున్నాడంటే, అది ఆయన పద్ధతిలోని లోటు. అక్కడే ఆగి మాట్లాడవలసింది.

కామ్ట్ పాఠంలో నాకు కోపం తెప్పించింది మరొకటి ఉంది. హారియెట్ మార్టినో పేరు ఒకే ఒక్క వాక్యంలో, ‘అనువాదకురాలు’ అని వచ్చి వెళ్లిపోయింది. కామ్ట్ ఆరు సంపుటాలనూ ఆమె 1853లో రెండింటికి కుదించి ఇంగ్లీషులోకి తెచ్చిన మాట నిజమే. ఆ కుదింపు కామ్ట్‌కే ఎంతో నచ్చింది. కానీ అంతకు పదిహేనేళ్ల ముందే, 1838లో, సమాజాన్ని ఎలా పరిశీలించాలన్న విషయం మీదే ఆమె ఒక పుస్తకం రాసింది. కొత్త చోటికి వెళ్లినవారు అక్కడి మనుషులు చెప్పే మాటల మీదే ఆధారపడకూడదని, సమాధుల మీది రాతలూ జనన మరణ రిజిస్టర్లూ చూడాలని చెప్పింది. చిన్న వయసులోనే వినికిడి పోయి, చెవికి గొట్టం పెట్టుకుని అమెరికా అంతా తిరిగి, 1837లో ఆ దేశపు సమాజం మీద పుస్తకం వెలువరించింది. బానిసత్వాన్నీ స్త్రీల స్థితినీ అక్కడివారు గొప్పగా చెప్పుకునే సమానత్వ సూత్రాల పక్కన పెట్టి కొలిచింది. ఇవన్నీ ఈ పాఠ్యక్రమం వల్ల తెలిసినవి కావు. ఆ ఒక్క వాక్యం విని ఉండబట్టలేక నేను వేరే చోట వెతికి చదివాను. రిజిస్టర్లతో బతికే నాకు ఆమె ఎంత దగ్గరి మనిషిగా అనిపించిందో చెప్పలేను.

ఇంగ్లండ్ ఆలోచనాపరుడు స్పెన్సర్‌కు ఒక పాఠం. సమాజం జీవి లాంటిదన్న పోలికను ఎక్కువగా సాగదీశారు. ‘యోగ్యతములదే మనుగడ’ అన్న మాట డార్విన్‌ది కాదని, 1864లో స్పెన్సర్ వాడిన మాట అని గుర్తు చేసినందుకు మాత్రం మెచ్చుకోవాలి.

ఏడో పాఠంలో మనిషే మారిపోయారా అనిపించింది. ఉపన్యాసకులు కాగితం పక్కన పెట్టేసినట్టున్నారు. మార్క్స్ పుట్టుకతో మొదలుపెట్టకుండా, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం చదువు గదిలో ఆయన ముందున్న కాగితాలతో మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ తనిఖీ అధికారుల నివేదికలు అవి. పిల్లలు ఎన్ని గంటలు పని చేశారు, భోజన విరామంలో యజమానులు ఎన్ని నిమిషాలు కోశారు అని ప్రభుత్వ ఉద్యోగులే రాసిన లెక్కలు. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పనిదినం మీది అధ్యాయం ఆ లెక్కల మీదే నిలబడిందని వివరించారు. అదనపు విలువ అన్న మాటను అంతకు ముందు రెండు మూడు చోట్ల చదివాను కానీ అర్థం కాలేదు. కూలికి తగ్గ విలువ ఎన్ని గంటల్లో వచ్చేస్తుంది, మిగతా గంటలు ఎవరివి అన్న ప్రశ్నగా చెప్పేసరికి అర్థమైంది. తొమ్మిదో పాఠంలో పరాయీకరణ (కార్మికుడు తన పనికీ తాను చేసిన వస్తువుకూ పరాయివాడు కావడం) గురించి, 1844లో రాసి 1932 దాకా పూర్తిగా అచ్చు కాని రాతప్రతుల గురించి చెప్పారు. పదో పాఠంలో 1880 నాటి ప్రశ్నావళి వచ్చింది. ఫ్రెంచి కార్మికుల కోసం మార్క్స్ సుమారు వంద ప్రశ్నలు తయారు చేశాడు. పనిగది కొలతలెన్ని, గాలి ఆడుతుందా, ప్రమాదం జరిగితే ఎవరు చూసుకుంటారు అని అడిగాడు. జవాబులు చాలా తక్కువే వచ్చాయి. అయినా తన సిద్ధాంతం చేతిలో ఉన్నవాడు, కార్మికుల కష్టం కార్మికులే పూర్తిగా చెప్పగలరని వారిని అడగడానికి సిద్ధపడ్డాడన్న విషయం నన్ను చాలాసేపు వదల్లేదు.

పదకొండు నుంచి పదిహేను దాకా ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్. ఈ అయిదు పాఠాలకే నేను ఈ పాఠ్యక్రమం కొన్నానని ఇప్పుడు అనిపిస్తోంది. నా గట్టి అభ్యంతరం కూడా ఇక్కడే ఉంది.

1893లో వచ్చిన శ్రమ విభజన గ్రంథాన్ని చక్కగా విప్పి చెప్పారు. అందరూ ఒకేలా ఉండటం వల్ల కలిసి ఉండే సమాజానికీ, ఒకరి పని ఒకరికి అవసరమై కలిసి ఉండే సమాజానికీ తేడా చూపడానికి డర్క్‌హైమ్ చట్టాల స్వభావం వైపు చూశాడు. శిక్షించే చట్టం ఎంత, నష్టం పూడ్చే చట్టం ఎంత అని పరిశీలించాడు. కంటికి కనిపించని సంఘీభావాన్ని కంటికి కనిపించే చట్టం ద్వారా పట్టుకోవడమన్నమాట. ఆ తరువాత 1897 నాటి ‘ఆత్మహత్య’. మనిషి చేసే పనులన్నింటిలో అతి వ్యక్తిగతం అనుకునే దాని రేటు ఒక్కో దేశంలో ఏటేటా దాదాపు స్థిరంగా ఉందని, కాథలిక్కులలో కంటే ప్రొటెస్టెంట్లలో, పెళ్లయినవారిలో కంటే కానివారిలో ఎక్కువని చూపి, కారణాన్ని వ్యక్తి మనసులో కాక అతన్ని పట్టి ఉంచే బంధాలలో వెతికాడు. ఆర్థిక సంక్షోభంలోనే కాదు, ఉన్నట్టుండి సంపద పెరిగినప్పుడు కూడా రేటు పెరుగుతుందన్న పరిశీలన నుంచి, కోరికలకు హద్దు చెప్పే కట్టుబాట్లు సడలిన స్థితిని ‘అనోమీ’ అన్నాడు.

పన్నెండో పాఠం మధ్యలో ఒక వాక్యం వచ్చింది. ఈ పుస్తకం కోసం దాదాపు 26,000 ఆత్మహత్యల వివరాలను వయసు, స్త్రీ పురుష భేదం, పెళ్లి, పిల్లలు అన్న లెక్కన విడదీసి పట్టికలు వేసినవాడు డర్క్‌హైమ్ మేనల్లుడు మార్సెల్ మోస్. అప్పటికి ఇరవయ్యేళ్లు దాటిన కుర్రవాడు. అది విని చేతిలోని ఫైలు పక్కన పెట్టాను. ఒక శాస్త్రానికి మూలస్తంభమని అందరూ చెప్పే పుస్తకం కింద, ఎవరో ఒకరు కూర్చుని కాగితం తరువాత కాగితం విడదీసిన పని ఉంది. ఆ పని నాకు తెలుసు.

తెలుసు కాబట్టే తరువాతి ప్రశ్న కోసం ఎదురుచూశాను. ఆ కాగితాలు ఎవరు రాశారు? ఏమి చూసి రాశారు? అయిదు పాఠాలూ అయిపోయాయి కానీ ఆ ప్రశ్న రాలేదు. మేము వాడే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో, ఎత్తు నుంచి పడి చనిపోయిన మనిషికి, వేరొకరు తోసేసిన కేసులు పక్కన పెడితే, మూడు దారులున్నాయి. ప్రమాదమైతే డబ్ల్యూ వర్గంలోని కోడు, కావాలని చేసుకున్నదైతే ఎక్స్80, ఏదో తేలకపోతే వై30. శరీరం మీది గాయాలు మూడింటిలోనూ ఒకటే. ఏ కోడు పడుతుందన్నది వైద్యులు రాసిన ఒక్క పదాన్ని బట్టి ఉంటుంది. ఆ పదమేమో పోలీసుల కాగితాన్ని, ఇంటివారు చెప్పిన మాటను బట్టి ఉంటుంది. కోడు వేసే చేయి సొంతంగా ఏదీ నిర్ణయించకూడదు. రాసినదాన్నే తీసుకోవాలి. అమెరికా సమాజశాస్త్రవేత్త జాక్ డగ్లస్ 1967లో డర్క్‌హైమ్ మీద ఈ విమర్శే చేశాడు. దగ్గరి బంధాలున్న కుటుంబాలకూ సమూహాలకూ ఇలాంటి మరణాన్ని రికార్డుకెక్కకుండా చూసుకునే కారణమూ ఉంటుంది, వీలూ ఉంటుంది. అప్పుడు బంధాలు మనిషిని కాపాడాయా, లేక రిజిస్టరునే మార్చాయా? పునాది పుస్తకం గురించి రెండున్నర గంటలు మాట్లాడినవారు ఈ మాటకు పది నిమిషాలు ఇచ్చి ఉండాలి.

ఇంత చెప్పినా డర్క్‌హైమ్ నా దృష్టిలో చిన్నవాడు కాలేదు. రిజిస్టరులో తప్పు కూడా ఇష్టం వచ్చినట్టు పడదు, సమాజం నెట్టిన వైపే పడుతుంది. అలా చూడటం నేర్పింది ఆయనే కదా. పదిహేనో పాఠం చివర, 1915లో కొడుకు యుద్ధంలో చనిపోవడం, 1917లో ఆయనా కన్నుమూయడం ఉపన్యాసకులు గొంతు పెంచకుండా, విశేషణాలు లేకుండా చెప్పారు. అది చాలా బాగుంది.

జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ పాఠాలలో పద్దెనిమిదోది మా విభాగంలో అందరికీ వినిపించాను. అది ఉద్యోగస్వామ్యం గురించి. నిర్ణీతమైన అధికార పరిధి, పైఅధికారి కింది అధికారి అన్న వరుస, రాతపూర్వకమైన ఫైలు, శిక్షణ పొందిన ఉద్యోగి, మనిషిని బట్టి మారని నియమం. వెబర్ చెప్పిన ఈ లక్షణాలు ఒక్కొక్కటీ మా గదిలో వేలు పెట్టి చూపించవచ్చు. ఉపన్యాసకులు ఇక్కడ ఒక మంచి సంగతి తెచ్చారు. 1914లో యుద్ధం మొదలైనప్పుడు యాభయ్యేళ్ల వెబర్ హైడెల్‌బర్గ్ ప్రాంతంలో తొమ్మిది సైనిక ఆసుపత్రుల ఏర్పాటు, నిర్వహణ పని చేశాడు. ఏడాదికి పైగా ఆ పనిలోనే ఉన్నాడు. ఉత్సాహంతో వచ్చిన స్వచ్ఛంద సేవకుల నిర్వహణ నుంచి నియమబద్ధమైన కార్యాలయ నిర్వహణకు మారడం ఎలా ఉంటుందో దగ్గరుండి చూశాడు. నియమం లేకపోతే రోగికి జరిగే నష్టమూ, నియమమే మిగిలితే మనిషికి జరిగే నష్టమూ రెండూ ఆయన రాతల్లో ఎందుకు కనిపిస్తాయో అది విన్నాక అర్థమైంది. నాకు మొదటిది కూడా బాగా తెలుసు. ఫైలు దొరకని రాత్రి ఎమర్జెన్సీలో పడే అవస్థ చూసినవాళ్లు కాగితాలను ఊరికే తిట్టరు.

భాష విషయంలో ఈ పాఠాలకు మంచి శ్రద్ధ ఉంది. వెబర్ ‘ఆదర్శ నమూనా’ అన్న మాటను తెలుగులో వింటే మంచి నమూనా, అనుసరించవలసిన నమూనా అనిపిస్తుంది. ఆయన ఉద్దేశం అది కాదు. పోల్చి చూడటానికి మనసులో గీసుకునే రేఖాచిత్రం మాత్రమే. అందుకని ఉపన్యాసకులు ‘శుద్ధ నమూనా’ అన్నారు. వెబర్ కూడా అలాంటి మాట వాడాడు. ‘ఇనుప పంజరం’ అన్న ప్రసిద్ధమైన పోలిక 1930లో అమెరికా సమాజశాస్త్రవేత్త టాల్కాట్ పార్సన్స్ చేసిన అనువాదంలోదని, జర్మన్ మాటకు ఉక్కులా గట్టిపడిన గూడు అన్న అర్థం దగ్గరగా ఉంటుందని చెప్పారు. పంజరంలో నుంచి పక్షి బయటికి వచ్చి ఎగరగలదు, గూడు ఒంటికి పెంకులా పెరిగితే విడదీయడం కష్టం. ఈ ఒక్క వివరణతో నేను వెబర్‌ను మరోలా అర్థం చేసుకున్నాను.

జర్మన్ ఆలోచనాపరుడు సిమ్మెల్‌కు ఒక్క పాఠమే ఇచ్చారు కానీ అందంగా చెప్పారు. ఇద్దరి మధ్య ఉన్న బంధంలోకి మూడో మనిషి వస్తే ఏమవుతుంది? ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే బంధమే ఉండదు. ముగ్గురిలో ఒకరు తప్పుకున్నా గుంపు నిలుస్తుంది. మూడోవాడు మధ్యవర్తి కావచ్చు, తగవు నుంచి లాభం పొందవచ్చు, ఇద్దరినీ విడదీసి పెత్తనం చేయవచ్చు. లెక్కలూ పట్టికలూ లేకుండా ఇంత సూటిగా చూడవచ్చని నాకు తెలియదు. మరో జర్మన్ సమాజశాస్త్రవేత్త టోనీస్ పాఠం సాధారణంగా ఉంది.

ఇరవై మూడో పాఠం పేరు ‘మరికొందరు’. అందులో అమెరికా నల్లజాతి సమాజశాస్త్రవేత్త డబ్ల్యూ. ఈ. బి. డుబాయిస్‌కు నాలుగు నిమిషాలు ఇచ్చారు. 1896, 97 సంవత్సరాల్లో ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇంటింటికీ తానే వెళ్లి, దాదాపు 2,500 కుటుంబాల వివరాలు సేకరించి, నల్లజాతివారి పేదరికానికీ నేరాలకూ కారణం జాతి స్వభావమన్న నమ్మకాన్ని 1899 నాటి గ్రంథంలో ఖండించినవాడు ‘మరికొందరు’లో ఎలా చేరాడు? వెబర్ 1904లో అమెరికా వెళ్లినప్పుడు ఆయనను కలిసి, తరువాత తన పత్రికలో ఆయన వ్యాసం అచ్చు వేశాడు. వెబర్ ఇచ్చిన చోటైనా ఈ పాఠ్యక్రమం ఇవ్వలేదు.

పుస్తకం గురించి రెండు మాటలు. అచ్చు బాగుంది, పదకోశం ఉపయోగపడుతుంది. ప్రతి అధ్యాయం చివర పెట్టిన జతపరచండి ప్రశ్నలు మాత్రం పరీక్షకే పనికొస్తాయి. డర్క్‌హైమ్ అధ్యాయంలో ‘ఆత్మహత్య’ గ్రంథం సంవత్సరం 1879 అని పడింది. 1897 ఉండాలి. అంకెలు తారుమారు కావడం మా పనిలో రోజూ పట్టుకునే తప్పు కాబట్టి వెంటనే కనిపించింది. వారికి రాస్తే వారంలో జవాబిచ్చి, ఫోనులో చదువుకునే ప్రతిలో సరిచేశారు. అచ్చు ప్రతి ఉన్నవారు పెన్నుతో దిద్దుకోండి.

అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. నేను విన్న రెండోసారి వరుస ఇది: ఏడు, పది, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై ఒకటి, ఆ తరువాత మిగిలినవి. మార్టినోకు ఒకటి, డుబాయిస్‌కు ఒకటి పూర్తి పాఠాలు చేర్చమని, డర్క్‌హైమ్ భాగంలో రికార్డుల ప్రశ్న పెట్టమని మరో ఉత్తరం రాశాను. చేరిస్తే అయిదో నక్షత్రం ఇక్కడే కలుపుతాను.