ఎయిర్‌ఫ్లో కంటైనర్‌లోకి బయటి లైబ్రరీలు: మూడేళ్లు వాడాక

డేటా పనులను వేళకు, వరుసగా నడిపే అపాచీ ఎయిర్‌ఫ్లోను మూడేళ్లుగా డాకర్ కంటైనర్లలో (సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టెల్లాంటివి) నడుపుతున్నాను. సాఫ్ట్‌వేర్ బాగుంది, ఇకముందు కూడా వాడతాను. నేను చెప్పాలనుకున్నది అందులోకి బయటి పైథాన్ లైబ్రరీలు చేర్చే పద్ధతి గురించి. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

కంటైనర్లన్నిటినీ ఎలా లేపాలో చెప్పే కంపోజ్ ఫైల్ ఒకటి ఎయిర్‌ఫ్లో వాళ్లు ఇస్తారు. అందులో పిప్ (పైథాన్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) అడిషనల్ రిక్వైర్‌మెంట్స్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ఒక సెట్టింగ్, ఉంటుంది. అందులో లైబ్రరీ పేర్లు రాసి కంటైనర్లు లేపితే చాలు. త్వరగా పరీక్షించుకోవడానికి మాత్రమే వాడమని పక్కనే కామెంట్ ఉంది. చదివి కూడా పట్టించుకోలేదు. ఆ దారిలో వెళ్తే కొత్త కంటైనర్ లేచిన ప్రతిసారీ ఇన్‌స్టాలేషన్ మొదటికొస్తుంది. మా వెర్షన్‌లోని షెడ్యూలర్, వెబ్‌సర్వర్, వర్కర్ అనే భాగాలు వేటికవే ఇంటర్నెట్‌కు వెళ్లి తెచ్చుకుంటాయి.

కొన్ని నెలలు ఏ గొడవా లేదు. ఒక రాత్రి సర్వర్ ప్యాచింగ్ తర్వాత కంటైనర్లన్నీ కొత్తగా లేచాయి. వెర్షన్ నంబర్ రాయకుండా మేం పెట్టిన లైబ్రరీ ఒకటి ఈలోగా మారిపోయి, తనతోపాటు ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అనే డేటాబేస్ లైబ్రరీ వెర్షన్ 2ను లాక్కొచ్చింది. మా ఎయిర్‌ఫ్లో 2.7.3కు కావలసింది 1.4. వెబ్‌సర్వర్ లేవలేదు. పొద్దున ఆరింటికి వెళ్లాల్సిన రిపోర్టులు ఆగిపోయాయి. మా కోడ్‌లో అక్షరం మారలేదు కాబట్టి తప్పు ఎక్కడుందో దొరకడానికే రెండు గంటలు పట్టింది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఆ వారమే లైబ్రరీలన్నీ ముందే వేసి ఉంచిన సొంత ఇమేజ్ (కంటైనర్లు లేచే అచ్చు) కట్టాను. దాన్ని ఎలా కట్టాలో రాసే డాకర్‌ఫైల్ పది లైన్లు కూడా లేదు. బేస్ ఇమేజ్‌కు లేటెస్ట్ అని కాకుండా పూర్తి వెర్షన్ రాయాలి. సిస్టమ్ ప్యాకేజీలు పూర్తి అధికారాలున్న రూట్ యూజర్‌తో వేసి, పిప్‌కు ముందు తప్పకుండా ఎయిర్‌ఫ్లో యూజర్‌కు మారాలి. నేను మరిచిపోతే, పిప్‌ను రూట్‌గా నడపొద్దని చెప్పి బిల్డ్ అక్కడే ఆగిపోయింది. అన్నిటికంటే ముఖ్యమైనది పిప్ ఇన్‌స్టాల్ లైన్. మన లైబ్రరీలతోపాటు అదే లైన్‌లో ఎయిర్‌ఫ్లోను కూడా అదే వెర్షన్ నంబర్‌తో రాయాలి. అప్పుడు ఏ లైబ్రరీ అయినా ఎయిర్‌ఫ్లోను కదిలించబోతే బిల్డ్‌లోనే ఎర్రర్ వస్తుంది, అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో కాదు. ఎయిర్‌ఫ్లో, పైథాన్ వెర్షన్ల ప్రతి జోడీకీ ఒక కన్‌స్ట్రెయింట్స్ ఫైల్ (దానితో పొసగే లైబ్రరీ వెర్షన్ల జాబితా) దొరుకుతుంది, దాన్నీ జతచేయండి.

ఇబ్బందులు లేకపోలేదు. చిన్న లైబ్రరీ కావాలన్నా ఇమేజ్ మళ్లీ కట్టాల్సిందే. కంపైల్ చేయాల్సిన లైబ్రరీలకు కావలసిన జీసీసీ కంపైలర్ ఇమేజ్‌లో ఉండదు, మనమే వేసుకోవాలి, సైజు పెరుగుతుంది. ఒక లైబ్రరీ మాత్రం ఎంతకీ ఎయిర్‌ఫ్లోతో పొసగలేదు. దానికి ఇమేజ్‌లోనే వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (తన లైబ్రరీలు తనకే ఉండే విడి పైథాన్) కట్టి, ఎయిర్‌ఫ్లో 2.4లో వచ్చిన ఎక్స్‌టర్నల్ పైథాన్ ఆపరేటర్‌తో నడుపుతున్నాం. ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

గత నెల కొత్త ఇమేజ్‌లో ఒక లైబ్రరీ తప్పు లెక్కలు ఇచ్చింది. పాత ఇమేజ్ ట్యాగ్ (ఇమేజ్ వెర్షన్‌కు పెట్టే గుర్తు) పెట్టి కంటైనర్లు లేపాను. ఐదు నిమిషాల్లో అంతా మామూలైపోయింది.