స్టార్ రెల్మ్స్: పెట్టెలోదా, ఫోన్‌లోదా?

స్టార్ రెల్మ్స్ అంటే అంతరిక్ష ఓడల కార్డులు కొంటూ ఎవరి డెక్ (కార్డుల కట్ట) వాళ్లు పెంచుకునే ఇద్దరి కార్డుల ఆట. అనంతపురం నుంచి కర్నూలు బస్సులో అయితే ఫోన్‌లో ఆడటమే నయం. మధ్యలో ఎప్పుడూ కొనడానికి 5 కార్డులు పరిచి ఉండాలి, కిటికీ గాలికి అవి నిలవవు. ఒక్కొక్కరి 50 అథారిటీ (ప్రాణ పాయింట్లు) లెక్క కూడా యాప్ చూసుకుంటుంది.

ఇంట్లో మాత్రం నా ఓటు 2014లో వచ్చిన చిన్న పెట్టెకే. 128 కార్డులు, జేబులో పడతాయి. మొదట ఇద్దరికీ ఒకేరకం 10 కార్డులు: 8 స్కౌట్లు, 2 వైపర్లు, అన్నీ బలహీనమైన ఓడలే. కొన్న ఓడ వెంటనే చేతికి రాదు, డిస్కార్డ్‌లోకి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోకి పోతుంది. డెక్ మళ్లీ కలిపాకే దాని వంతు. మెషీన్ కల్ట్ అనే వర్గం కార్డులతో స్కౌట్లను డెక్ నుంచి ఏరేస్తుంటే డెక్ పదునెక్కడం చేతికే తెలుస్తుంది. యాప్‌లో అది అంతగా తెలియదు. పైగా ఎదురుగా కూర్చున్న తమ్ముడు బ్లాబ్ అనే మరో వర్గం ఓడలు ఒక్కసారిగా దించితే పుట్టే టెన్షన్ ఏ స్క్రీన్ మీదా రాదు.