ఫ్యాన్ లేని కంప్యూటర్ రెండేళ్లు వాడాక: నా చెవికి అందనిది మా అమ్మాయి పట్టేసింది

చూపు లేని పిల్లల కోసం తెలుగు పాఠాలు చదివి రికార్డు చేస్తుంటాను. విజయవాడలో మా వీధిలో పగలు ఆ పని కుదరదు. రాత్రి పదిన్నర దాటాక సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, తలుపు కింద సందులో దుప్పటి కుక్కి కూర్చుంటే గదిలో మిగిలే చప్పుడంతా పాత కంప్యూటర్‌దే. రెండు పేజీలు సాఫీగా సాగేవి, మూడో పేజీ మధ్యలో ప్రాసెసర్ ఫ్యాన్ ఉన్నట్టుండి వేగం అందుకునేది, ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చేది. ఆ విసుగుతోనే 2023 దసరా సెలవుల్లో ఫ్యాన్ అన్నదే లేని కంప్యూటర్ ఒకటి బిగించుకున్నాను.

ఇందులోది ఇంటెల్ ఎన్100 అనే తక్కువ కరెంటు తినే ప్రాసెసర్, దాని గురించీ, దాని 6 వాట్ల లెక్క గురించీ ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఆ జోలికి పోను. ప్రాసెసర్ బోర్డుకే అతికించి వస్తుంది, దాని మీద వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మ, అదే హీట్‌సింక్. కరెంటుకి ల్యాప్‌టాప్‌ది లాంటి 19 వోల్టుల అడాప్టర్, కాబట్టి పవర్ సప్లై ఫ్యాన్ కూడా లేదు. గిర్రున తిరిగే హార్డ్ డిస్క్ బదులు చిప్పుల్లోనే ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ. అంటే తిరిగే వస్తువు లోపల ఒక్కటీ లేదు. మొదటి రాత్రి బటన్ నొక్కాక చిన్న లైటు వెలిగింది తప్ప ఆన్ అయిందో లేదో తెలియలేదు. ఆ సంతోషంలో తెలిసినవాళ్లందరికీ 'పూర్తి నిశ్శబ్దం, కళ్లు మూసుకుని కొనండి' అని మెసేజ్ పెట్టాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం మా అమ్మాయి నా పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. అప్పుడు ఆరో తరగతి. 'నాన్నా, ఇది కీచుమంటోంది, కాసేపు ఆపవా' అంది. ఏది అంటే కంప్యూటర్ వైపు చూపించింది. కేబినెట్‌కి చెవి ఆనించి విన్నాను, నాకేమీ వినపడలేదు. 'ఊరికే ఉంటే రాదు నాన్నా, పేజీ కిందికి జరుపు... ఇదిగో ఇప్పుడు... ఆపేశావు, ఆగిపోయింది' అంది. నమ్మలేక దాన్ని గోడ వైపు తిరిగి నిలబడమన్నాను. నేను మౌస్ కదిపినప్పుడల్లా 'ఇప్పుడు' అంటూ చెప్పింది, ఒక్కసారి కూడా తప్పలేదు.

మైకుని కేబినెట్‌కి జానెడు దూరంలో పెట్టి ఒక నిమిషం రికార్డు చేసి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ స్థాయి శబ్దం ఎప్పుడు వచ్చిందో చూపే బొమ్మ, తెరిచాను. 15 వేల హెర్ట్జ్ దగ్గర సన్నటి గీత. మౌస్ కదిపిన చోట ఉంది, ఆపిన చోట తెగింది, దూసిన కుట్టులాగా ముక్కలు ముక్కలుగా. వినపడని శబ్దాన్ని కంటితో చూడడం అదే మొదటిసారి. నా వయసు 47, ఆ పైస్థాయి శబ్దాలు నాకు అందడం మానేసి ఎన్నేళ్లయిందో. చిన్నప్పుడు పక్కింట్లో పాత డబ్బా టీవీ పెడితే, సౌండ్ పూర్తిగా తగ్గించి ఉన్నా సరే, గోడ ఇవతల నాకు తెలిసిపోయేది. మా నాన్నకి తెలిసేది కాదు. ఆ టీవీల కూత సెకనుకి 15,625 సార్లు, దాదాపు ఇదే స్థాయి.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. అంతకుముందు పంపిన పాఠాలు తెరిచి చూస్తే, మైకు దూరంగా ఉన్నా, పేజీ జరిపిన ప్రతి చోటా మసగ్గా అదే గీత. వినేది పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలు, అదీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. నేను నిశ్శబ్దం అనుకుంటూ మూడు నెలలు వాళ్ల చెవుల్లో కీచు శబ్దం పోశానేమో అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 14 వేల పైన ఉన్నదంతా కోసేస్తే చదివే గొంతుకి నష్టం ఉండదు కాబట్టి పాఠాలన్నీ అలా శుభ్రం చేసి మళ్లీ పంపాను.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడ ఏసీ మోత మధ్య విని 'ఏ సౌండూ లేదు సార్' అని తిప్పి పంపించారు. బోర్డు ఎవరిదో రాయడం లేదు, ఎందుకంటే అదే మోడల్ ఇంకొకరింట్లో అసలు కూయకపోవచ్చు. ప్రాసెసర్‌కి కరెంటు అందించే చిన్న తీగచుట్టలు బోర్డు మీద ఉంటాయి, కరెంటు గబగబా పెరిగి తగ్గుతుంటే అవి వణుకుతాయి, ఆ కీచు అదే. పొదుపు కోసం ప్రాసెసర్ పని లేనప్పుడల్లా గాఢనిద్రలోకి జారుతుంది, మౌస్ కదిపితే సెకనుకి ఎన్నోసార్లు లేచి పడుకుంటుంది. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, సీ-స్టేట్స్ అనే చోటికి వెళ్లి ఆ గాఢనిద్ర ఆపేశాను. 'పోయింది నాన్నా' అంది మా అమ్మాయి. గీత కూడా పోయింది.

కానీ ఊరికే ఉన్నప్పుడు 8 వాట్లు తీసుకునేది 12కి చేరింది. చలికాలంలో పట్టించుకోలేదు. మే నెలలో విజయవాడ సంగతి తెలిసిందే, గదిలో 38 డిగ్రీలున్న రాత్రి ఎడిటింగ్ చేస్తుంటే ప్రాసెసర్ 92 చూపించింది, హీట్‌సింక్ మీద వేలు ఆనించలేకపోయాను, ఫైలు సేవ్ కావడానికి రెట్టింపు సమయం పట్టింది. చివరికి ఫ్యాన్ వద్దనుకున్న కంప్యూటర్‌కే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి రబ్బరు పిన్నులతో బిగించి, నిమిషానికి 550 చుట్ల వేగం దగ్గర కట్టేశాను. బాధపడుతూనే పెట్టాను గానీ, వేడి 70 దాటడం లేదు, స్పెక్ట్రోగ్రామ్‌లో దాని జాడ లేదు, మా అమ్మాయి చెవికీ అందడం లేదు. పెద్ద ఫ్యాన్ ఒకే వేగంతో నెమ్మదిగా తిరిగితే చెవికి పట్టదు, వేగం మారితేనే పట్టేస్తుంది. పాత కంప్యూటర్‌లో నన్ను ఏడిపించింది కూడా ఆ మారడమే.

కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద రికార్డింగ్ ఆగడం లేదు, అది బోనస్. బిల్లులో మాత్రం పెద్ద తేడా ఆశించొద్దు, నెలకి పాతిక యూనిట్లు కూడా మిగల్లేదు.

మళ్లీ కొంటానా అంటే నా పనికైతే కొంటాను. నాది చదవడం, కోయడం, పంపడం, అంతే. వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి ఇది చాలదు, వాళ్లు ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్ తీసుకుని బయోస్‌లో 45 వాట్లకి కట్టేసి పెద్ద కూలర్ పెట్టుకోవడం మేలని నాకనిపిస్తుంది, నేను స్వయంగా వాడలేదు. ఏది కొన్నా వాపసు గడువు దాటకముందే ఇంట్లో చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, గది తలుపులు మూసి, పేజీ కిందికీ పైకీ జరుపుతూ ఏమైనా వినపడుతోందా అని అడగండి. నేను అడగలేదు.