బాగా తగలని షాట్‌ని చూసే ఐరన్స్ ఎంచుకోవాలి: ఫోర్జ్డ్ సెట్‌తో కొన్నేళ్ల అనుభవం

గోల్ఫ్‌లో కొత్త ఐరన్స్ (సన్నటి లోహపు తల ఉన్న క్లబ్‌లు) కొన్నామని తెలియగానే తోటి ప్లేయర్లు అడిగే మొదటి ప్రశ్న, "7 ఐరన్ ఎంత దూరం వెళ్తోంది?" అని. కొన్నేళ్లుగా ఒకే ఫోర్జ్డ్ సెట్ వాడుతున్నాను కాబట్టి దానికి నా దగ్గర జవాబు ఉంది. అయితే నా స్కోర్‌ని మార్చింది వేరే లెక్క. ఫేస్ (బంతికి తగిలే ముఖం) మధ్యలో తగలని 7 ఐరన్ షాట్ ఎక్కడ పడుతోంది? బాగా తగిలినదానికీ దానికీ మధ్య తేడా ఎన్ని గజాలు? దూరం, ఫీల్, ఫర్‌గివ్‌నెస్ (సరిగా తగలకపోయినా షాట్ మరీ చెడకపోవడం) మూడూ కుదిరే ఐరన్స్ కావాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ తేడానే అని నా గట్టి నమ్మకం.

నా సెట్ 5 ఐరన్ నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి షాట్‌లకు వాడే క్లబ్) దాకా. అంకె పెరిగేకొద్దీ షాట్ పొట్టిదవుతుంది. మెత్తటి కార్బన్ స్టీల్‌తో ఒకే ముక్కగా ఫోర్జ్ చేసిన హెడ్, వెనక లోతు తక్కువ క్యావిటీ (గుంట), కొద్దిపాటి ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్ట్ కంటే కాస్త వెనక ఉండటం), మరీ సన్నమూ మరీ వెడల్పూ కాని సోల్ (హెడ్ అడుగుభాగం). 7 ఐరన్ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) 32 డిగ్రీలు, పిచింగ్ వెడ్జ్ 46. షాఫ్ట్‌లు (క్లబ్ కాడలు) 100 గ్రాముల దగ్గర ఉండే స్టీల్‌వి. నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 12 అటూ ఇటూ, స్వింగ్ స్పీడ్ మామూలే, 7 ఐరన్ క్యారీ (బంతి గాల్లో వెళ్లే దూరం) 150 గజాల దగ్గర ఉంటుంది. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. రెండేళ్లకోసారి కొత్త తరం వస్తుంది, పేరు పాతబడుతుంది, డిజైన్ రకం మాత్రం అలాగే ఉంటుంది. నేను చెప్పేది ఆ రకం గురించి.

కమ్మరి కొలిమిలో జరిగే పనే ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున చేస్తే అది ఫోర్జింగ్. ఉక్కు కడ్డీని ఎర్రగా కాల్చి, అచ్చుల మధ్య పెట్టి, భారీ ప్రెస్‌తో దశలవారీగా కొడతారు. అంచుల్లో మిగిలిన లోహం తీసేసి, గ్రైండ్ చేసి, పాలిష్ పట్టి, పైన పూత వేస్తారు. కాస్టింగ్‌లో అయితే ఉక్కును కరిగించి అచ్చులో పోస్తారు. ఫోర్జ్డ్ హెడ్‌ల వివరాల్లో 1020, 1025 అని కనిపించేవి స్టీల్ గ్రేడ్‌లు. చివరి రెండంకెలు అందులో కార్బన్ సుమారు 0.20, 0.25 శాతం అని చెబుతాయి. కార్బన్ అంత తక్కువ కాబట్టే ఆ ఉక్కు మెత్తన. కాస్ట్ చేసిన హెడ్‌లలో తరచూ వాడే 17-4 స్టెయిన్‌లెస్ స్టీల్ దీనికంటే చాలా గట్టిది.

కొనేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. క్లబ్ మీద "ఫోర్జ్డ్" అని చెక్కి ఉన్నంత మాత్రాన హెడ్ మొత్తం ఒకే ముక్క అని కాదు. ఫేస్ ఒక్కటే ఫోర్జ్ చేసి, దాన్ని వేరే బాడీకి వెల్డ్ చేసినవి కూడా ఉంటాయి. మిజునో వాళ్లు హిరోషిమాలో ఫోర్జ్ చేయించే ఒకే ముక్క హెడ్‌లూ, టేలర్‌మేడ్ పీ790 లాగా లోపల బోలుగా ఉండి ఫోమ్ నింపినవీ అన్నీ ఈ మాట కిందికే వస్తాయి. దేని మంచి దానిదే. కొట్టి చూస్తే మాత్రం రెండింటికీ పోలికే ఉండదు. అందుకని షాపులో "ఇది ఫోర్జ్డేనా?" అని అడిగి ఊరుకోకుండా, "ఒకే ముక్కా, బోలుదా, ఫేస్ ఏ స్టీల్?" అని కూడా అడగాలి.

ఇక దూరం. క్లబ్ మీద ఉన్న అంకె చూసి దూరం పోల్చడంలో అర్థం లేదు. టైటిలిస్ట్ 620 ఎంబీ లాంటి బ్లేడ్‌లలో (వెనక క్యావిటీ లేని సన్నటి హెడ్‌లలో) 7 ఐరన్ 35 డిగ్రీలు, పిచింగ్ వెడ్జ్ 47. దూరం కోసమే చేసిన గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఐరన్స్‌లో 7 ఐరన్ 28, 29 డిగ్రీలకు వచ్చేసింది. ఆ బ్లేడ్ సెట్‌లో ఇది 5, 6 ఐరన్‌ల మధ్య పడే లాఫ్ట్. ఇందులో మోసం ఉందని అనను. బరువు సోల్‌లోకి దింపి, ఫేస్ పలచన చేస్తే బంతి మరీ ఎత్తుకు లేస్తుంది. ఆ ఎత్తును దూరంగా మార్చుకోవడానికే లాఫ్ట్ తగ్గిస్తారు. వేగంగా స్వింగ్ చేసేవాళ్లకు ఇది బాగానే పనిచేస్తుంది. ఇబ్బంది మనలాంటి మామూలు వేగం ఉన్నవాళ్లకే.

ఎందుకంటే ఐరన్ షాట్ గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) దాకా వెళ్తే చాలదు, వెళ్లి ఆగాలి. షాట్‌లను కొలిచే కంపెనీ ట్రాక్‌మ్యాన్ ప్రకటించిన పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ టూర్) సగటుల్లో 7 ఐరన్ స్పిన్ నిమిషానికి 7,000 చుట్ల చుట్టుపక్కల ఉంటుంది, బంతి దాదాపు 50 డిగ్రీల కోణంలో కిందికి దిగుతుంది. అంత ఎత్తూ అంత స్పిన్నూ మనకు రావు. ఉన్న కాస్తలో లాఫ్ట్ కూడా తగ్గించేస్తే స్పిన్ పడిపోతుంది, బంతి వాలుగా దిగి గ్రీన్ వెనక్కి దొర్లిపోతుంది. దిగే కోణం 45 డిగ్రీల దగ్గర ఉంటే గట్టి గ్రీన్ మీద కూడా బంతి ఆగుతుందన్నది నా అనుభవం. 40కి పడిపోయిందంటే ఇక గ్రీన్ ముందు అంచును చూసుకుని కొట్టాల్సిందే.

29 డిగ్రీల బోలు హెడ్ 7 ఐరన్‌నూ నా 32 డిగ్రీల దాన్నీ పలు రోజులు లాంచ్ మానిటర్ (షాట్‌ను కొలిచే పరికరం) మీద పక్కపక్కనే కొట్టి చూశాను. బాగా తగిలినప్పుడు బోలు హెడ్ 10 గజాలకు పైగా ఎక్కువ వెళ్లింది. నిజంగా ఉత్సాహం వచ్చే అంకె అది. కానీ షాట్‌లన్నీ స్క్రీన్ మీద చుక్కలుగా వచ్చాక చూస్తే, దాని చుక్కలు ముందుకీ వెనక్కీ సాగి ఉన్నాయి. ఫేస్ మీద కొంచెం పైన తగిలినవి స్పిన్ తగ్గి ఎగిరిపోయాయి. నా సెట్ చుక్కలు మాత్రం దగ్గరదగ్గరగా పడ్డాయి. 150 గజాల్లో పిన్ (హోల్ జెండా), ముందు బంకర్ (ఇసుక గుంట), వెనక దిగుడు ఉన్న చోట ఆ అదనపు 10 గజాలు నాకు ఎందుకు? ఎప్పుడు వస్తాయో తెలియని గజాలను నమ్ముకుని క్లబ్ తీయలేం. నా మటుకు ఐరన్‌కు దూరం అంటే, చెప్పిన చోటే పడే దూరం.

లాఫ్ట్‌తో ముడిపడిన ఇంకో చిక్కు వెడ్జ్‌ల దగ్గర వస్తుంది. పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. దాన్ని సరిగ్గా నింపాలంటే రెండు క్లబ్‌లు కావాలి, బ్యాగ్‌లో ఉండనిచ్చేవి మొత్తం 14 మాత్రమే. నా 46 పక్కన 51, 56 పెట్టుకుంటే లెక్క సరిపోయింది. 100 గజాల లోపల ఎన్నో షాట్‌లు ఆడతాం కాబట్టి ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఫీల్ గురించి చెప్పాలంటే, మనం ఫీల్ అనేదాంట్లో చాలావరకు శబ్దమే. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని రెండు రకాల ఐరన్స్ కొట్టి చూడండి, తేడా సగం మాయమవుతుంది. అంతమాత్రాన ఫీల్ ఉత్త భ్రమ అనుకోవద్దు. నా సెట్‌లో మధ్యలో తగిలిన బంతికి మెత్తటి, మూసుకున్న శబ్దం వస్తుంది, చేతికి దాదాపు ఏమీ తెలియదు. అర అంగుళం టో (హెడ్ చివరి కొస) వైపు తగిలితే క్లబ్ చేతిలో సన్నగా తిరుగుతుంది, శబ్దం పొడిగా మారుతుంది. ఫేస్ కింది అంచున థిన్‌గా తగిలితే, అందులోనూ చలి ఉదయం అయితే, వేళ్ల నుంచి మోచేతి దాకా జివ్వుమంటుంది. బంతి ఎక్కడ పడిందో చూడకముందే ఫేస్‌లో ఎక్కడ తగిలిందో చెప్పగలను. ప్రాక్టీస్‌కు ఇంతకంటే మంచి కోచ్ దొరకదు. బోలు హెడ్‌లలో ఈ కబురు అంత స్పష్టంగా అందదు. అన్ని షాట్‌లకూ దాదాపు ఒకే శబ్దం వస్తుంది, ఏది ఎందుకు పొట్టిగా పడిందో అర్థం కాదు.

ఇప్పుడు నా 8 ఐరన్ ఫేస్‌ను వెలుగుకు పట్టి చూస్తే, గ్రూవ్స్ (ఫేస్ మీది గాడులు) మధ్య ఒక నాణెం అంత మచ్చ కనిపిస్తుంది. అక్కడ క్రోమ్ మెరుపు పోయి కొంచెం మసకబారింది. మచ్చ సరిగ్గా మధ్యలో లేదు, వెంట్రుకవాసి హీల్ (షాఫ్ట్ కలిసే కొస) వైపు ఉంది. 5 ఐరన్ మీద అలాంటి మచ్చ లేదు, అక్కడక్కడా చెదిరిన గీతలు ఉన్నాయి. ఏ క్లబ్‌ను నిలకడగా కొడుతున్నానో, దేన్ని ఎలా పడితే అలా కొడుతున్నానో ఆ రెండు ఫేస్‌లు చూస్తేనే తెలిసిపోతుంది.

ఫర్‌గివ్‌నెస్ అనగానే అందరూ క్యావిటీ వైపు చూస్తారు. పింగ్ స్థాపకుడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ బరువును హెడ్ అంచులకు పంచి చూపించినప్పటి నుంచి అది సహజమే. బరువు అంచుల్లో ఉంటే టో వైపో హీల్ వైపో తగిలినప్పుడు హెడ్ తక్కువ తిరుగుతుంది. నా సెట్‌లో టో వైపు తగిలిన 7 ఐరన్ ఎనిమిది, పది గజాలు పొట్టిగా పడుతుంది. స్నేహితుడి బ్లేడ్‌తో అలాంటి షాట్‌కే అంతకు దాదాపు రెట్టింపు పోతుంది. పెద్ద హెడ్ ఉన్న గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఐరన్‌తో ఇంకా తక్కువ పోతుందని ఒప్పుకుంటాను.

కానీ నన్ను ఎక్కువ కాపాడింది క్యావిటీ కాదు, సోల్. నేను చూసినంతలో మామూలు ప్లేయర్లు టో వైపు కొట్టే షాట్‌ల కంటే బంతి వెనక నేలను తవ్వే షాట్‌లే ఎక్కువ. నా ఐరన్స్ లీడింగ్ ఎడ్జ్‌ను (ఫేస్ కింది ముందు అంచును) కొంచెం గుండ్రంగా గ్రైండ్ చేశారు, సోల్‌కు ముందు నుంచి వెనక్కి వంపు ఉంది. వాన వెలిసిన ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) మీద బంతికి అంగుళం వెనక తగిలినా, సన్నటి సోల్ అయితే కూరుకుపోయే చోట ఇది జారి బయటికి వస్తుంది. డివట్ (తెగి లేచే గడ్డి ముక్క) అరచేయంత వెడల్పుగా, పలచగా లేస్తుంది. షాట్ ఐదారు గజాలు తగ్గినా గ్రీన్ ముందు భాగానికి చేరుతుంది. ఐరన్స్ కొనేటప్పుడు క్లబ్‌ను తిరగేసి సోల్ చూడటానికి ఒక నిమిషం పెట్టండి. వీలైతే మ్యాట్ మీద కాకుండా గడ్డి మీద కొట్టి చూడండి, ఎందుకంటే మ్యాట్ మీద ఫ్యాట్ షాట్ (బంతి వెనక నేలకు తగిలినది) కూడా జారి మంచి షాట్‌లా కనిపిస్తుంది.

మెత్తటి కార్బన్ స్టీల్ వల్ల ఒక నిజమైన లాభం ఉంది, దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు. లాఫ్ట్, లై యాంగిల్ (షాఫ్ట్ నేలతో చేసే కోణం) రెండూ ఒకటి రెండు డిగ్రీలు సులువుగా వంచుకోవచ్చు. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొడితే దాని ముద్ర ఫేస్ మీద పడుతుంది. ముద్ర నిటారుగా ఉంటే లై సరిపోయినట్టే. నాకు అది వాలిపోయి కనిపించింది, షాట్‌లు కూడా అస్తమానం ఎడమకే పోయేవి. ఒక డిగ్రీ ఫ్లాట్ చేయించాక (షాఫ్ట్‌ను నేల వైపు వంపించాక) ఆ ఎడమ పోకడ చాలావరకు సర్దుకుంది. లాఫ్ట్ వంచేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ (సోల్ నేలలో కూరుకుపోకుండా ఆపే కోణం) కూడా ఒక డిగ్రీ తగ్గుతుంది, సోల్ ఇచ్చే కాపుదల అంత మేరకు పోతుంది. మెత్తటి స్టీల్ కాబట్టి గట్టి నేల మీద, మ్యాట్‌ల మీద ఎక్కువగా కొడితే కోణాలు కొద్దికొద్దిగా కదులుతాయి. ఏడాదికోసారి చెక్ చేయించుకోవడం మంచిది.

షాఫ్ట్ తప్పుగా పడితే ఇదంతా వృథా. 130 గ్రాముల డైనమిక్ గోల్డ్ ఎస్300 షాఫ్ట్‌తో మొదటి తొమ్మిది హోల్స్ బాగానే ఆడతాను, ఆ తర్వాత భుజాలు అలసి షాట్‌లు కుడికి పోతాయి. 100 గ్రాముల చుట్టూ ఉన్నదానితో చివరి హోల్‌లో కూడా అదే టెంపో.

అరుగుదల గురించి నిజం చెప్పాలి. బ్యాగ్‌లో క్లబ్‌లు ఒకదానికొకటి తగిలి హెడ్‌ల మీద చిన్నచిన్న సొట్టలు పడ్డాయి. క్రోమ్ లేచిపోయిన చోట తడి తుడవకపోతే తుప్పు చుక్కలు వస్తున్నాయి. ఆటకు దీనివల్ల తేడా ఏమీ లేదు, చూడటానికి మాత్రం కొత్తదనం పోయింది. గ్రూవ్స్ పిచింగ్ వెడ్జ్‌లోనే ముందుగా అరిగాయి, రఫ్ (పొడవాటి గడ్డి) నుంచి స్పిన్ తగ్గడం తెలుస్తోంది.

ఇప్పుడే ఆట మొదలుపెట్టినవాళ్లకూ, బంతిని గాల్లోకి లేపడానికే ఇబ్బంది పడేవాళ్లకూ ఈ రకం నేను చెప్పను. వాళ్లకు వెడల్పు సోల్, పెద్ద హెడ్ ఉన్నవే మేలు. 15 కంటే తక్కువ హ్యాండిక్యాప్ ఉండి, షాట్‌లో ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్నవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. పొడవాటి ఐరన్స్ దగ్గర మాత్రం పట్టుదలకు పోవద్దు. ఈ సెట్ 4 ఐరన్ కొట్టి చూసే వద్దనుకున్నాను, దాని బదులు హైబ్రిడ్ (బంతిని సులువుగా లేపే వేరే రకం క్లబ్) పెట్టాను. నా వేగానికి 5 ఐరన్ కూడా అంచున ఉంది. తర్వాతి సెట్‌లో 6 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఇదే ఒకే ముక్క హెడ్ ఉంచుకుని, 5 మాత్రం అదే కంపెనీలో బోలు హెడ్ తీసుకుంటాను. కంపెనీలే ఇప్పుడు అలా కలిపి వాడుకునేలా లాఫ్ట్‌లు సరిచేసి ఇస్తున్నాయి.