వీధి ఆటా, కోచింగా: అనంతపురంలో ఇద్దరు పిల్లలతో ఏడేళ్లు చూసినాక

మా వీధిలోకి కొత్తగా వచ్చినామె మొన్న జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, "అక్కా, మావోడికి ఆరేళ్లు నిండినాయి, క్రికెట్ కోచింగులో చేర్పిద్దామనుకుంటున్నాం, మీ పిల్లోళ్లు పోయినారు కదా, ఎట్లుంటుంది?" అని అడిగింది. మిషను ఆపి గంటసేపు చెప్పినాను. ఆమె పోయినాక, చెప్పనివే ఎక్కువ మిగిలినాయనిపించింది. అందుకే రాస్తున్నాను.

మాకిద్దరు. అబ్బాయికి పదిహేనేళ్లు, అమ్మాయికి పదమూడు. 2018 నుంచి ఇప్పటిదాకా వీధిలో ఆడే ఆట చూసినాను, డబ్బు కట్టి పంపిన కోచింగు చూసినాను, బడి జట్టు తరఫున ఆడే ఆట కూడా చూసినాను. నా కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. కిటికీకి ఎదురుగా వేపచెట్టు, దాని అవతల మొన్న మొన్నటిదాకా ఖాళీ సైటు. సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా ఆ పిల్లోళ్ల అరుపుల మధ్యే నేను కుట్టుకుంటూ వచ్చినాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పదేళ్లలోపు ఏ పిల్లకైనా, పిల్లాడికైనా వీధి ఆటే మేలు. పదేళ్లు దాటినాక మగపిల్లాడిని వాడు అడిగితేనే కోచింగుకు పంపండి. ఆడపిల్ల అయితే అడిగేదాకా ఆగొద్దు.

వీధి ఆట సంగతి మొదట. మా సైటులో ఆడేది కాస్కో టెన్నిస్ బంతితో. బంతి పోతే తలా ఐదు రూపాయలు చందా. ఇయ్యలేనోడు బ్యాటు తెస్తాడు, అదీ లేనోడు కంపలోకి పోయి బంతి వెతుకుతాడు. వాళ్ల నియమాలు ఎక్కడా రాసిపెట్టి ఉండవు, అయినా అందరికీ కంఠతా వచ్చు. బంతి ఎదురింటి మిద్దె మీద పడితే అవుటు. కంపచెట్లలో పడితే రెండు పరుగులే. ఒక్క స్టెప్పు పడి ఒంటిచేత్తో పట్టినా అవుటే. తొమ్మిది మంది వస్తే ఒకడు జోకరు, రెండు పక్కలా ఆడతాడు. నాలుగైదేళ్ల బుడ్డోళ్లు ఆటలో అరటిపండ్లు, వాళ్లకు బంతి నిదానంగా దొర్లించి వేస్తారు, అవుటైనా ఇంకో అవకాశం ఇస్తారు. ఇదంతా ఏ పెద్దోళ్లు నేర్పినారు? ఎవ్వరూ నేర్పలేదు.

ఒకరోజు అవుటు విషయంలో పెద్ద రభస అయింది. మావాడికప్పుడు తొమ్మిదేళ్లు. "తొండి, తొండి" అని అరుచుకుని, సగం మంది చెప్పులేసుకుని ఇంటిదారి పట్టినారు. బయటికి పోయి సర్ది చెబుదామని లేచినాను. మా అత్తమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టింది, "వాళ్లే తేల్చుకుంటారులే" అని. పది నిమిషాలు గోడలెక్కి కూర్చున్నారు. ఇద్దరే మిగిలితే ఆట సాగదని రెండు వైపులకూ తెలుసు. చివరికి ఆ బంతి లెక్కలోకి రాదని మళ్లీ వేయించుకున్నారు. అంపైరు ఉన్న ఆటలో ఈ పది నిమిషాలు దొరకవు. నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది దానికే.

క్రికెట్ ఒకటే కాదు. బంతి లేనిరోజు లగోరి (ఏడుపెంకులాట), వానొచ్చి మట్టి మెత్తబడితే బొంగరాలు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా అరుగు మీద గోలీలు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున అరవై నిమిషాలైనా ఒళ్లు కదిలించి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మావాళ్లకు అది ముగ్గు వేసినంత సేపట్లో అయిపోయేది. ఆదివారమైతే అన్నానికి పిలిచి పిలిచి నా గొంతు పోయేది.

ఇక కోచింగు. 2018లో అబ్బాయిని ఎనిమిదేళ్లకే చేర్పించినాం. నెలకు పదిహేను వందలు, తెల్లబట్టలు, ప్యాడ్లు, గ్లౌజులు, హెల్మెటు కలిపి మొదటి ఏడాదే నా పెళ్లిళ్ల సీజను కుట్టుడబ్బంతా పోయింది. పొద్దున ఐదున్నరకు మా ఆయన బండి మీద దింపి వచ్చేవాడు. ఆయనకు డ్యూటీ ఉన్నరోజు నేను పోయి మెట్ల మీద కూర్చునేదాన్ని. ఒకరోజు ఊరికే లెక్క పెట్టినాను. గంటన్నరలో మావాడు బ్యాటుతో ఆడిన బంతులు పదకొండు. మిగతాసేపు వరసలో నిలబడినాడు, లేదంటే వల వెనక బంతులేరినాడు. అదే గంటన్నర మా సైటులో అయితే బ్యాటింగు, బౌలింగు, కీపింగు, కొట్లాట అన్నీ అయిపోతాయి.

బంతి బరువు సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మగవాళ్ల క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములుంటుంది. చిన్నపిల్లలకని 133 నుంచి 144 గ్రాముల బంతి నియమావళిలోనే ఉంది. మావాడి చేతికిచ్చింది పెద్దోళ్ల బంతే. టెన్నిస్ బంతి అరవై గ్రాములు కూడా ఉండదు, దానితో నిన్నటిదాకా ముందుకు దూకి కొట్టినోడు కోచింగులో వెనక్కి జరగడం మొదలుపెట్టినాడు. ఆ భయం పోవడానికి రెండేళ్లు పట్టింది. చేర్పించే ముందు బంతి చేతిలోకి తీసుకుని చూడండి, "పిల్లల బంతేనా సార్?" అని అడగండి.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి అన్నీ మూతబడినాయి. తర్వాత మొదట తెరుచుకున్నది వీధే.

కోచింగు మళ్లీ మొదలైనాక పోయిన కాలాన్ని పట్టుకోవాలని వారానికి ఆరు రోజులు పెట్టినారు. సిమెంటు మీద పరిచిన మ్యాటు మీద బౌలింగు. 2021 చివర్లో మావాడు మడమ నేల మీద ఆనించలేక మునివేళ్ల మీద నడుచుకుంటూ ఇంటికొచ్చినాడు. కోచ్‌కు చెబితే, నొప్పి మాత్ర వేసి పంపండి, ఇప్పుడు మానిపిస్తే సెలక్షను పోతుంది అన్నాడు. మూడు రోజులు మాత్ర వేసి పంపినాం. ఆ మూడు రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఎముకల డాక్టరు చూసి చెప్పింది ఇది: ఎదిగే వయసులో మడమ ఎముక చివర ఇంకా మెత్తగా ఉంటుంది, రోజూ అదే దెబ్బ అక్కడే తగిలితే వాస్తుంది, ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లల్లో ఇది మామూలే, విశ్రాంతే మందు. వారానికి ఒకటి రెండు రోజులు సెలవుండాలి, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఒక్క ఆటను పక్కన పెట్టి వేరేది ఆడించండి అన్నాడు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేదీ ఇదే.

ఆరు వారాలు ఇంట్లోనే ఉన్నాడు. నొప్పి తగ్గినాక కోచింగుకు పోనన్నాడు. బలవంతం చేయలేదు. నాలుగో రోజుకే సైటులో వాడి గొంతు వినబడింది.

వీధిలో దెబ్బలు తగలవని కాదు. ఇనుప గేటుకు గుద్దుకుని కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడింది వీధిలోనే. కానీ నొప్పి ఉంటే వీధిలో ఆడమని ఎవరూ అనరు. కుంటేవాణ్ని కీపరుగా నిలబెడతారు, లేదంటే స్కోరు చెప్పమని గోడ మీద కూర్చోబెడతారు.

పదమూడేళ్లప్పుడు, 2023లో, మావాడే వచ్చి "మళ్లీ పోతానమ్మా" అన్నాడు. ఈసారి వేరేచోట, వారానికి నాలుగు రోజులే. వాడే పొద్దున లేస్తాడు, వాడే సంచి సర్దుకుంటాడు. మణికట్టు ఎట్లా తిప్పాలి, పాదం ఎక్కడ పడాలి అన్నవి వీధి నేర్పలేదు. ఈ కోచ్ నేర్పినాడు, విసుక్కోకుండా. ముక్కూమొహం తెలియని వాళ్ల చేతిలో ఓడి, చేయి కలిపి రావడం కూడా అక్కడే అలవాటైంది. 2024 సెప్టెంబరులో దేశంలోని పెద్ద ఆటగాళ్లు ఆడే దులీప్ ట్రోఫీ క్రికెట్ ఆటలు మన ఊరి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) మైదానానికి వచ్చినప్పుడు వీధి పిల్లోళ్లంతా కలిసి పోయినారు. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్ కళ్ల ముందే ఆడుతుంటే చూసి వచ్చి వారం రోజులు నిద్రపోలేదు. మా సైటు ఆటలోకి ఎల్బీడబ్ల్యూ (వికెట్టుకు పోయే బంతికి కాలు అడ్డం పెడితే అవుటు) వచ్చింది ఆ తర్వాతే.

నేను అసలు రాయాలనుకున్నది అమ్మాయి గురించి.

అది అన్న వెనకే తిరిగి పెరిగింది. వీధిలో ఖోఖో ఆడితే ఒక పక్క వేపచెట్టు, ఇంకో పక్క కరెంటు స్తంభం. అందరికన్నా వేగంగా తప్పించుకునేది ఇదే. పదకొండేళ్లు రాగానే వీధి దానికి మూసుకుపోయింది. ఎవరూ వద్దని చెప్పలేదు. ఒక పెద్దామె నా దగ్గరికొచ్చి, "పెద్దపిల్ల అవుతాంది, ఇంకా మగపిల్లోళ్లతో వీధిలో ఏంది?" అనింది. పంటలు వేసేటప్పుడు మగపిల్లలు దాన్ని పిలవడం మానేసినారు. నేను కూడా కిటికీలోంచి "లోపలికి రా, చదువుకో" అనడం మొదలుపెట్టినాను. దాని ఈడు ఆడపిల్లలు ఆరుగురుండేవాళ్లు, ఏడాదిలో అందరూ మాయమైనారు. ఆ సాయంత్రాలు అది అరుగు మీద కూర్చుని చూసేది. వీధి ఆటను ఇంత మెచ్చుకునే నేను దీనికి మాత్రం మార్కులు వేయలేను. వీధి అందరిదీ అంటాం, పదేళ్లు దాటిన ఆడపిల్లకు అందులో వాటా లేదు.

బడిలో పీఈటీ మేడం దాని పరుగు చూసి ఖోఖో జట్టులో వేసుకుంది. 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కోర్టు సున్నంతో గీసి, రెండు కొసలా నిజమైన స్తంభాలు పాతినారు. వెంబడించేటప్పుడు నడిమి గీత దాటకూడదని, ఒకసారి పట్టిన దిక్కు స్తంభం దాకా మార్చకూడదని, ఖో వెనకనుంచే ఇవ్వాలని అక్కడే తెలిసింది. వీధిలో ఇవేవీ లేవు. మొదటి నెల ఫౌళ్లతో ఏడ్చింది. ఇప్పుడు స్తంభం పట్టుకుని దేహమంతా వాల్చి చేయి చాపి తాకుతుంది, చూస్తుంటే నాకు ఊపిరాడదు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్పు మన అమ్మాయిలు గెలిస్తే, నా ఫోను ఆ రోజంతా దాని చేతిలోనే ఉంది.

నార్పల మండలం బండ్లపల్లి నుంచి వచ్చిన బారెడ్డి అనూష ఆర్డీటీ అకాడమీలో ఆడి, 2023 జులైలో బంగ్లాదేశ్ మీద భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడింది. పక్క కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 క్రికెట్ ప్రపంచ కప్పులో పద్నాలుగు వికెట్లు తీసింది. ఆ పేర్లు చెప్పినప్పుడు మా వీధి పెద్దామె కూడా నోరు మెదపలేదు.

బడి ఆటకూ లోట్లున్నాయి, ఆడపిల్లల తల్లులు తెలుసుకోవాల్సినవి. ఒకసారి పోటీలకు పోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ మరుగుదొడ్డికి తాళమే. పిల్లలు నీళ్లు తాగకుండా ఎండలో ఆడినారు. అప్పటినుంచి ఎక్కడికి పోయినా ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగుతాను. మేడం సెలవు పెడితే ఆట కూడా సెలవే, అదింకొక చిక్కు.

మా ఖాళీ సైటులో ఇప్పుడు నాలుగంతస్తులు లేచినాయి. వీధిలో కార్లు తొమ్మిది. పెద్ద పిల్లలు సైకిళ్లేసుకుని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోతారు, బుడ్డోళ్లు కార్ల మధ్య ఆడి తిట్లు తింటారు. కొత్తగా వచ్చినామె కొడుకు వీళ్లలోనే ఉండాలి. అందుకే ఆమెకు చెప్పినాను, కోచింగుకు కట్టే పదిహేను వందలు పక్కన పెట్టు, సాయంత్రం గంటసేపు కార్లు అవతల పెట్టమని మనిద్దరం ఇల్లిల్లూ అడుగుదాం అని. మూడిళ్లవాళ్లు ఒప్పుకున్నారు.

అమ్మాయికి ఆదివారం బడి ప్రాక్టీసు ఉండదు. గుడి వెనక జాగాలో చుట్టుపక్కల ఆడపిల్లలను పోగేసి ఖోఖో ఆడిస్తోంది. వరసలో కూర్చోవడానికి ఎనిమిది మంది కావాలి, పోయిన ఆదివారం ఐదుగురే వచ్చినారు, ఐదుగురితోనే ఆడినారు. ఇద్దరు తల్లులు కూర్చుంటేగానీ పంపమని మిగతా ఇళ్లవాళ్లు అన్నారు. చేతికుట్టు పని సంచిలో వేసుకుని నేను పోతున్నాను, ఇంకొకరు కావాలి.